నా స్వెటర్ చూసిన ఊరు

ఆ ఊరిని నేను కండ్లారా చూడలేదు. అయినా ఇప్పటికిప్పుడు నన్ను తీసుకపోయి అక్కడ వదిలితే దారి తప్పను. ఏటికి ఈ గట్టున నిలబడితే ఎదురుగా కొండ. కొండ నెత్తిన తెల్లకోట. కోట కింద పెద్ద చర్చి, చర్చి నెత్తిన పచ్చబడిపోయిన రాగి గుమ్మటం. కుడి చేతి పక్కకు పోతే ఇరుకు వీధి. ఆ వీధిలో ఇండ్లు ఎత్తుగా, సన్నగా, ఒకదానికొకటి భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటాయి.

ఆ ఊరి పేరు సాల్జ్‌బర్గ్. ఆస్ట్రియా దేశంలో ఉండాది. నా నోరు ఆ పేరుకు తిరగదు, ఉప్పు ఊరు అంటాను. పేరుకు అర్థం కూడా ఉప్పు కోట అనేనంట. చుట్టుపక్కల కొండల కడుపులో ఉప్పు ఉండాదంట. దాన్ని తవ్వి, పడవలకెత్తి, ఏటి మీద పంపించి, ఆ వచ్చిన సొమ్ముతోనే ఆ గుమ్మటాలన్నీ కట్టినారు. మన ఇంట్లో అడిగినోళ్ళకల్లా గిన్నెలో పోసి ఇచ్చే ఉప్పుతో అంత ఊరు లేసింది.

నేను చెప్తా ఉంటే ఫోన్లో విని మా చెల్లెలి కూతురు రాస్తాంది. నాకు సంతకం తప్ప రాత రాదు. "పెద్దమ్మా, కుళ్ళు అనే మాట కూడా రాయాల్నా, తీసేద్దునా?" అని అడిగింది. రాయమన్నాను. అది లేకపోతే ఇందులో చెప్పేదానికి ఏమీ లేదు.

నేనుండేది సౌదీలో, ఉనైజా అనే ఊర్లో. మాది కడప జిల్లా. నా మొగుడు బోరుబండి మీద పనికి పోతూ లారీ కింద పడి పోయినాడు. పిల్లలు లేరు. ఆయన పోయిన రెండో ఏడు ఈ ఇంటికి వచ్చినాను. నేను వచ్చిన నెలకే మామా కాన్పు అయింది. మామా అంటే మా యజమానురాలు, ఇక్కడ పనివాళ్ళంతా అట్లనే పిలుస్తాము. నలభై రోజుల బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టి ఆమె ఉద్యోగానికి పోయింది. ఆ బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు. బిడ్డల్ని సాకే మనిషిని ఈ దేశంలో దాదా అంటారు. పాప నోట వచ్చిన మొదటి మాట అదే. రెండో మాట బువ్వ. అరబ్బీ ఇంట్లో బువ్వ అని అడిగే బిడ్డ అదొక్కటే ఉంటుంది.

మా ఇద్దరికీ ఒక రహస్యం ఉండేది. పాపకు ఒళ్ళు వెచ్చబడితే, మామా ఇంట్లో లేని వేళ చూసి, గుప్పెడు ఉప్పుతో మూడు సుట్లు దిగదుడిచి చల్లనీళ్ళలో వేసేదాన్ని. ఉప్పు కరిగితే దిష్టి కరిగినట్టు. మా ఊర్లో ప్రతి ఇంట్లో చేస్తారు, ఇందులో ఏమీ లేదు. ఇక్కడ అట్ల కాదు. పనిమనిషి పిల్ల చుట్టూ ఏదో తిప్పి, ఏదో గొణిగి, నీళ్ళలో వేసిందంటే సిహర్ అంటారు, చేతబడి అని. పోలీసుల దాకా పోతుంది. అది తెలిసీ చేసేదాన్ని. పాప ఒక్కసారి కూడా వాళ్ళమ్మకు చెప్పలేదు. నా దగ్గర ఉన్న బంగారమంతా ఆ నోరు మూసుకోవడమే.

పోయినేడు ఇంకొకామె వచ్చింది. కోనసీమ పిల్ల, ముప్పై కూడా లేవు. ఇంటర్ చదివింది, ఇంగ్లీషు వచ్చు. పాప చదువుకోసం తెచ్చుకున్నారు. పాప ఆమెను మిస్ అంటుంది. వచ్చిన మొదటిరోజు నా దగ్గరికొచ్చి, "ఆయ్, మీరూ తెలుగేనా అక్కా! ప్రాణం లేచొచ్చిందండీ" అనింది. నాకు ప్రాణం పోయింది. అంతవరకూ ఆ ఇంట్లో తెలుగు మాట నాదీ పాపదీ మాత్రమే.

రంజాన్ నెలలో మామా, "ఈ ఎండాకాలం అందరం ఆస్ట్రియా పోదాం, చల్లగా ఉంటుంది" అనింది. అందరం అంటే నేనూ ఉన్నట్టే అనుకున్నాను. సూక్‌లో, అంటే ఇక్కడి బజార్లో, బంగ్లాదేశ్ ఆయన అంగట్లో ఉన్ని స్వెటర్ ఒకటి కొన్నాను, పండు మిరపకాయ రంగు. బయట నలభై ఐదు డిగ్రీల ఎండ మండుతుంటే నేను స్వెటర్ బేరం చేస్తుంటే ఆయన నవ్వినాడు. "ఎక్కడికి ఖాలా?" అన్నాడు. "మంచుకు" అన్నాను. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన నా గది. తలుపేసుకుని, ఏసీ పెట్టుకుని, ఆ స్వెటర్ వేసుకుని అద్దంలో చూసుకున్నాను. ఇది కూడా రాయమన్నాను.

వీసా కోసం రియాద్‌కు పోయి వేలిముద్రలు ఇచ్చిరావాలన్నారు. ఆ పొద్దు స్నానం చేసి, మంచి అబాయా వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. కారు వెనక తలుపు తీసి కోనసీమామె ఎక్కింది. మామా నా వైపు చూసి, "నువ్వెక్కడికి?" అనింది. తర్వాత మెత్తగా, "నువ్వు కూడా వస్తే పెద్దమామాను ఎవరు చూస్తారు? నిన్ను నమ్మినట్టు ఇంకెవరినీ నమ్మను" అనింది. పెద్దమామా అంటే వాళ్ళ అత్త, మంచం దిగలేదు. నమ్మకం అనే మాట అంత వాత పెడుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

పోయే రోజు ఇంకొకటి జరిగింది. "ఈమెకు చలికి ఏమీ లేదు, నీ దగ్గర స్వెటర్ ఉంది కదా, ఇవ్వు" అనింది మామా. ఇచ్చినాను. మడతలు కూడా పోలేదు దానికి.

"అక్కా, జాగ్రత్తగా తెచ్చి ఇచ్చేస్తాను" అనింది కోనసీమామె.

"నీ ఒంటికి తగిలినాక నాకెందుకు మే? నువ్వే పెట్టుకో" అన్నాను.

"ఏంటక్కా అలా అంటావ్!"

"ఎట్ల అంటి? ఆయ్ అనలేదనా?"

పాప పక్కనే నిలబడి నవ్వింది. మా మాటలు సగం అర్థమైతాయి దానికి. ఆ నవ్వు ఎవరి వైపో తేల్చుకోలేక ఆ వారమంతా చచ్చినాను.

వాళ్ళు పోయినాక ఇంట్లో నేనూ పెద్దమామా. ఖర్జూరాలు దిగే కాలం. ఆమె మంచం పక్కన చాప వేసుకుని పండ్లు ఏరుతూ ఉంటే రోజూ సాయంత్రం వీడియో వచ్చేది. తెరలో మొదట కనపడేది నా స్వెటర్. కోట ముందర నా స్వెటర్. చర్చి వాకిట్లో నా స్వెటర్. గుర్రాలను కడిగే తొట్టి ఒకటుంది ఆ ఊర్లో. చుట్టూ చలువరాయి, వెనక గోడ నిండా గుర్రాల బొమ్మలు, మధ్యలో ముందుకాళ్ళెత్తిన గుర్రం విగ్రహం. గుర్రం కాళ్ళు కడిగేదానికి అంత! దాని ముందర కూడా నా స్వెటర్. నేను కొన్న ఉన్ని ఆ ఊరి వాన తాగింది, నేను తాగలేదు.

పెద్దమామా ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇంత రాయి ఎందుకు?" అనేది. ఆమె చిన్నప్పుడు ఉనైజా అంతా మట్టి ఇండ్లేనంట. మోచెయ్యి పొడవు మందం గోడలు, పైన తుమ్మలాంటి చెట్టు దూలాలు, పిట్టగోడకు మూడుమూలల కంతలు, లోపలి ఆడవాళ్ళు వీధిని చూసేదానికి. "వాన పడితే గోడ కరిగేది, మళ్ళీ గడ్డి కలిపి మట్టి మెత్తేవాళ్ళం. ఏటా చెయ్యి తగలకపోతే ఇల్లు నిలవదు" అనేది. నేను ఊ కొట్టేదాన్నే కానీ నా కండ్లు ఫోన్ మీదే. పాప కోనసీమామె చెయ్యి పట్టుకుని ఉండిందా, వదిలిందా, అదే చూసేదాన్ని.

తిరిగొచ్చినాక పాప నోట ఒకటే మాట, మిస్ అట్ల చెప్పింది, మిస్ ఇట్ల చూపించింది. బడిలో ఆ ఊరి బొమ్మ చేసి పెట్టాలంట. అట్టపెట్టెలు, జిగురు, రంగులు తెచ్చి ఇద్దరూ కింద కూర్చునేవాళ్ళు. నేను గుమ్మం దగ్గర బట్టలు మడుస్తూ ఉండేదాన్ని. పాప మంచం పక్కన బల్ల మీద ఒక ఉప్పురాయి పెట్టుకుంది. ఉప్పు గనిలో కొన్నదంట. కోడిగుడ్డంత ఉంటుంది, లేత గులాబి రంగు. దాన్ని ముట్టనిచ్చేది కాదు. ఎవరు ఏరి ఇచ్చినారో చెప్పక్కర్లేదు కదా.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వంటింట్లో నేనే ఆమెను అడిగేదాన్ని. అడక్కుండా ఉండలేను, విని ఊరుకోలేను. పుండును గిల్లుకున్నట్టు.

"ఆ కోట ఎవురిది మే? రాజుదా?"

"రాజు కాదక్కా, బిషప్పు. అక్కడ పెద్ద బిషప్పులే రాజులు. వందల ఏళ్ళు వాళ్ళే ఏలారంట."

"దాన్ని ఎవురూ గెలవలేదా?"

"బలంతో ఎవరూ గెలవలేదంట. ఓసారి పరాయి సైన్యం వస్తే వీళ్ళే తలుపులు తీసి ఇచ్చేశారంట."

అది విని గిన్నె తోమడం ఆపినాను. నాదీ అంతే కదా. ఎవరూ పగలగొట్టలేదు. లోపలున్న బిడ్డే తలుపు తీసింది.

ఇంకోరోజు ఒక బిషప్పు గురించి చెప్పింది. ఆయన పాత ఇండ్లు పడగొట్టించి, చర్చి చుట్టూ విశాలంగా వాకిళ్ళు తీయించినాడంట. పెండ్లి చేసుకోకూడని మనిషి, అయినా ఒకామెను పెట్టుకున్నాడు, చానామంది పిల్లలు. ఆమె కోసం ఏటికి అవతల ఒక మేడ కట్టించి ఆమె ఇంటిపేరు మీదే పేరు పెట్టినాడు. ఆయన పదవి పోయినాక ఆయన్ని ఆయన కోటలోనే పెట్టి తాళం వేసినారు, అక్కడే పోయినాడు. తర్వాత వచ్చినాయన మొదట చేసిన పని ఏమంటే ఆ మేడకు పేరు మార్చేది.

"మేడ పడగొట్టలేదా?"

"ఎందుకక్కా పడగొట్టడం? పేరు మారిస్తే చాలు కదా, ఆవిడ లేనట్టే."

నాకు ఆ పొద్దంతా అదే ఆలోచన. దాదా అనే పేరు ఇంట్లో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కబెట్టినాను. పొద్దున నుంచి మాపటికి మూడుసార్లు. అందులో ఒకటి నీళ్ళకు.

ఆమె చెప్పినవాటిలో నాకు నచ్చినవి కూడా ఉన్నాయి, అబద్ధమెందుకు. ఆ ఇరుకు వీధిలో ప్రతి అంగడికీ గోడ నుంచి ఇనుప చువ్వకు వేలాడుతూ ఒక గుర్తు ఉంటుందంట. పూల తీగల్లాగా వంచిన ఇనుము, మధ్యలో తాళాలాయనకు తాళంచెవి, చెప్పులాయనకు బూటు. ఎందుకంటే వెనకటికి జనానికి చదువు రాదు. ఫోన్లో ఆ ఫోటోలు పెద్దవి చేసి చూసినాను. నాలాంటిదాని కోసం కట్టిన వీధి. అందులోకి ఇంటర్ పాసైనామె పోయి నడిచొచ్చింది.

ఇంకొకటి, కొండను ఊడ్చేవాళ్ళు. ఆ ఇండ్లు కొన్ని వీపును కొండకే ఆనించి ఉంటాయి. ఎప్పుడో ఒకసారి కొండ చరియ విరిగి ఇండ్ల మీద పడి చానామంది పోయినారంట. అప్పటి నుంచి ఏటా మనుషులు తాళ్ళు కట్టుకుని కొండకు వేలాడుతూ, సుత్తితో తట్టి చూసి, వదులైన రాళ్ళు ముందే రాలగొడతారు. అదే వాళ్ళ ఉద్యోగం. "ఆ పని నాకిస్తే చేస్తా" అన్నాను. కోనసీమామె నవ్వి, "నువ్వు చేస్తావక్కా, కొండ కూడా మెరుస్తుంది" అనింది. మెచ్చుకుందో ఎకసెక్కమాడిందో తెలీలేదు. ఎకసెక్కమే అనుకున్నాను, అట్ల అనుకుంటేనే నాకు నెమ్మది.

ఆ కోటకు ఒక ఎద్దు కథ కూడా ఉందని కోనసీమామె చెప్పింటే, ఒక సాయంత్రం పాపకు అన్నం తినిపిస్తూ దాన్ని నేనే ఎత్తుకున్నాను. శత్రువులు కోటను చుట్టేసినారు. లోపల తినేదానికి ఒక్క ఎద్దు మిగిలింది. దాన్ని రోజుకో రంగు పూసి గోడ మీద తిప్పినారు. కింద ఉన్నోళ్ళు, అమ్మో, వీళ్ళకు ఇంకా ఇన్ని ఎద్దులున్నాయా అని మూట కట్టుకుని పోయినారు. కథలో నేను ఎద్దుకు మెడలో గంటలు కట్టి, కొమ్ములకు పసుపు పూసినాను. పాప మధ్యలో ఆపి, "కాదు దాదా, గంటలు లేవు. మిస్ అట్ల చెప్పలేదు" అనింది.

ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసినాను.

ఆ మరుసటి వారం పాపకు జ్వరమొచ్చింది. మామా డాక్టరు దగ్గరికి తీసుకపోయి మందులు తెచ్చి, బుడ్డి చూపించి ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెప్పి ఆఫీసుకు పోయింది. పొద్దు వాలే అసర్ నమాజ్ వేళ. కోనసీమామె కింద ఇస్త్రీ చేస్తాంది. పాప కండ్లు మూసుకుని పడుకుని ఉంది. అంత దూరం పోయి, అంతమంది కండ్లల్లో పడి వచ్చిన బిడ్డ, దిష్టి తీయాల్సిందే అనుకున్నాను. వంటింట్లో ఉప్పు డబ్బా ఉంది. పొడి ఉప్పు. తొమ్మిదేండ్లుగా దానితోనే తీసినాను. ఆ రోజు మాత్రం, పొడి ఉప్పు గుప్పిట్లోంచి జారిపోతుంది, రాయి ఉప్పయితేనే దిష్టి పోతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. బల్ల మీది ఉప్పురాయి తీసి మూడు సుట్లు తిప్పినాను.

దిష్టికి చల్లనీళ్ళు చాలు. నేను స్నానాలగదిలో బకెట్‌కు వేడినీళ్ళు పట్టినాను. రాయి తొందరగా కరగలేదు. నీళ్ళు రెండుసార్లు మార్చినాను. చెంబుతో తిప్పుతా కూర్చున్నాను. గులాబి రంగు మొదట పోయింది, ఆ తర్వాత అంచులు, ఆఖరికి ఒక పలుకు. నా ఒళ్ళంతా చల్లగా అయింది. బిడ్డ జ్వరం ఆ క్షణాన నాకు గుర్తు లేదు. మళ్ళీ చెప్తాండా, గుర్తు లేదు.

తల ఎత్తితే తలుపు దగ్గర కోనసీమామె, చేతిలో ఇస్త్రీ చేసిన గౌన్లు.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"కనపడలే? దిష్టి తీసినా."

"ఆ రాయితోనా? అక్కా, ఇక్కడ ఇలాంటివి చూస్తే ఏం జరుగుద్దో తెలుసా నీకు? ఇంకెవరైనా చూసుంటే?"

"నువ్వు చూసినావు కదా. పోయి చెప్పు. నా ఎగ్జిట్ కొట్టించి దేశానికి పంపిస్తే గది కూడా నీకే."

ఆమె బకెట్ ఎత్తి తనే పారబోసింది. అదొక్కటి చాలు, నా గొంతు ఆమె చేతిలోకి పోయింది. మూడు రోజులు అన్నం దిగలేదు. ఎగ్జిట్ అంటే మా ఊరికి పోవడం కాదు నాకు. ఆ బిడ్డకు పదేండ్లు వచ్చేది చూడకపోవడం. చేతబడి చేసిన పనిమనిషి అని దాని చెవిలో పడటం. చిన్నప్పటి నుంచి నేను తీసిన ప్రతి దిష్టీ దానికి విషమైపోతుంది.

నాలుగో రోజు జ్వరం తగ్గింది. పాప లేచి రాయి వెతుక్కుంది. మంచం కింద, దిండు కింద చూసి ఏడ్చింది. మామా మా ఇద్దరినీ నిలబెట్టి, "రాయి ఎక్కడ? ఎవరు తీశారు?" అనింది. కోనసీమామె నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనే మామా. దుమ్ము పట్టిందని కడిగి, నీళ్ళలో పెట్టి మర్చిపోయాను. కరిగిపోయింది" అనింది.

"ఉప్పును కడుగుతారా? చదువుకున్నావు కదా నువ్వు!" అని మామా ఆమెను తిట్టింది. నెలకు ఒక సెలవు శుక్రవారం ఉంటుంది మాకు, ఆమెకు అది తీసేసింది. నేను నిలబడి విన్నాను.

వంటింట్లోకి వచ్చినాక, "ఎందుకు చెప్పినావు అట్ల?" అని అడిగినాను.

"నువ్వు వెళ్ళిపోతే పాప ఉండలేదక్కా. అక్కడ రోజూ పడుకునేటప్పుడు నీ కోసం ఏడిచేది. నేను చెప్పలేదు నీకు, చెప్తే బాధపడతావని."

ఏ మనిషైనా ఆ మాటకు కరిగిపోవాల. నాకు మాత్రం ఇంకా మండింది. ఊరు చూసింది ఆమె, స్వెటర్ వేసుకుంది ఆమె, ఆఖరికి మంచితనం కూడా ఆమెకే పోయింది. నాకు మిగిలింది ఆమెకు రుణపడటం. పాప నా కోసం ఏడిచిందనే మాట మటుకు కొంగున ముడేసుకున్నట్టు దాచుకున్నాను, రోజుకు పదిసార్లు విప్పి చూసుకున్నాను.

ఆ మాపు పాపకు జుట్టు దువ్వుతాంటే అది తిరక్కుండానే, గుసగుసగా, సగం అరబ్బీ సగం మన మాటతో, "దాదా, నేను నిద్రపోలేదు. మూడు సుట్లు నాకు తెలిసింది" అనింది.

దువ్వెన పక్కన పెట్టినాను.

"మిస్ అబద్ధం చెప్పింది. నేనూ చెప్పలేదు" అనింది. మళ్ళీ, "అది నా రాయి దాదా. డబ్బాలో ఉప్పు ఉంది కదా" అనింది.

తొమ్మిదేండ్ల బిడ్డ అడిగింది. మామా అడిగినా, పోలీసులు అడిగినా ఏదో ఒకటి చెప్పేదాన్ని. దీనికేం చెప్పాల? "కుళ్ళుతో చేసినా తల్లీ" అన్నాను, మన మాటలోనే. కుళ్ళు అనే మాట దానికి నేను నేర్పలేదు. అర్థం అడిగింది. "నువ్వు మిస్ చెయ్యి పట్టుకుంటే నా కడుపులో నొప్పి" అన్నాను. పాప ఆలోచించింది. "జ్వరంలాగానా?" "అంతకన్నా ఎక్కువ." ఇటు తిరిగి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, వాళ్ళమ్మ చూసినట్టు.

తర్వాత, "అయితే నాకు కొండ చేసి పెట్టు. మిస్‌కు కొండ రాలేదు, అట్ట విరిగిపోతాంది" అనింది.

మరుసటి రోజు గోధుమపిండి, దానికి సమానంగా డబ్బాలోని ఉప్పు, నీళ్ళు కలిపి గట్టిగా పిసికినాను. సంగటి కెలికిన చేతులివి, పిండి నా మాట వింటుంది. ఫోటో చూడకుండానే చేసినాను. కోట కూర్చునే చదును, ఇండ్లు వీపు ఆనించే నిట్టనిలువు గోడ, కొండను తొలిచి బండ్లు పోయేదానికి తీసిన సొరంగం కూడా. కోనసీమామె చూసి, "సొరంగం సంగతి నేను నీకు చెప్పలేదే అక్కా!" అనింది. "నీ ఫోన్లో నీ వెనక కనపడతాంది. నువ్వు నిన్ను చూసుకుంటావు, నేను వెనక చూస్తాను" అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. పాప కూడా. నేను నవ్వలేదు, నోటికి వచ్చింది, ఆపుకున్నాను.

బడిలో పాప, ఊరు మిస్ చేసింది, కొండ దాదా చేసింది అని చెప్పిందంట. మామా వచ్చి చెప్పింది. నేను మామాకు రాయి సంగతి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు, అది కూడా నిజమే. కోనసీమామె పోగొట్టుకున్న సెలవు శుక్రవారానికి బదులు నా శుక్రవారం ఇచ్చినాను. అంతవరకే నా చేత అయింది. ఆమె స్వెటర్ ఉతికి, మడిచి, నా మంచం మీద పెట్టింది. ఇంకా వేసుకోలేదు. ఆమె సబ్బు వాసన పోనీ అని చూస్తాండా.

ఆ బొమ్మ ఊరు ఇప్పుడు పాప గదిలో అలమార మీద ఉంది. ఏసీ చెమ్మకు ఉప్పు కొండ పొద్దున్నే తడిగా మెరుస్తుంది, మధ్యాహ్నానికి ఆరి పొడి రాలుతుంది. అట్ట ఇండ్ల మీద, ఆ ఇరుకు వీధిలో తెల్లగా పడుతుంది. రోజూ కోనసీమామె గుడ్డ పట్టుకుని వస్తుంది తుడుద్దామని. నేను ఆ గుడ్డ లాక్కుంటాను. పుల్లకు దూది చుట్టుకుని, కొండను మెల్లగా తట్టి, వదులైన పలుకులు నేనే ముందు రాల్చి, ఇండ్ల మీది ఉప్పు నేనే ఎత్తుతాను. ఆ ఒక్క పని ఆమెను ముట్టనివ్వను.